ఉల్లి ఘాటు అనుకున్నా

కర్నూలు మార్కెట్ యార్డులో సెప్టెంబరు అంటే ఉల్లిగడ్డల కాలం. తెల్లవారకముందే ఆటోలు, ట్రాక్టర్లు లోపలికి వస్తాయి. కుప్పలు పోసేవాళ్లు, సంచులు కుట్టేవాళ్లు, ధర పడలేదని తల పట్టుకుని కూచున్న రైతులు, అందరి కళ్లూ కొద్దో గొప్పో తడిగానే ఉంటాయి. నేను అక్కడ ఒక కమీషన్ మండీలో గుమాస్తాని. తూకం చీటీలు చూసి లెక్క కట్టడం, హమాలీ ఖర్చులు పోను రైతు చేతికి ఎంతొస్తుందో తేల్చడం నా పని. ఇరవై ఏడేళ్లుగా అదే కుర్చీ. అందుకే ఒక సోమవారం పొద్దున ఎడమ కంట్లోంచి నీళ్లు కారుతుంటే ఉల్లి ఘాటు అనుకుని తువ్వాలుతో తుడుచుకున్నా. కుడి కన్ను మామూలుగానే ఉందని గమనించాను కానీ, ఘాటు ఒక్క కంటికే ఎందుకు తగులుతుందని ఆలోచించలేదు.

ఆ రాత్రి తల దువ్వుకోబోతే ఎడమ వైపు వెంట్రుకల కుదుళ్లు భగ్గుమన్నాయి. దువ్వెన కాదు, నిప్పు పుల్ల పెట్టినట్టు. మా ఆవిడ నూనె పెడతానని వస్తే చెయ్యి తగలనివ్వలేదు. పార్శ్వపు నొప్పి అయ్యుంటుందని బామ్ రాసుకుని పడుకున్నా. నిద్ర పట్టలేదు. కనుబొమ్మ మీద మాటిమాటికీ కరెంటు కొట్టినట్టు ఉండేది.

మంగళవారం పనికి పోతూ దారిలో మెడికల్ షాపు దగ్గర ఆగాను. కన్ను ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి, అంతే చెప్పాను. షాపతను నా ముఖం వైపు ఒకసారి చూసి, "కళ్లకలక సార్, ఊరంతా ఉంది" అని చిన్న సీసా చేతిలో పెట్టాడు. రోజుకు నాలుగు సార్లు రెండేసి చుక్కలు. వేసుకున్న గంటకు ఎరుపు కొంచెం తగ్గింది కూడా. బాగా పనిచేసిందనుకున్నా. ఆ సీసా సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బుధవారం తెల్లవారుజామున ఐదింటికి ముఖం కడుక్కుందామని అద్దం ముందు నిలబడితే నుదుటి మీద ఎడమ వైపు నీటి పొక్కులు. నాలుగైదు గుంపులుగా, ఆవాలు చల్లినట్టు. ఎడమ రెప్ప వాచి సగం మూసుకుంది. నుదుటి మధ్యలో ఎవరో స్కేలు పెట్టి గీత గీసినట్టు, ఆ గీతకు కుడి పక్కన ఒక్క పొక్కు లేదు.

సాయంత్రం పాత బస్టాండు వైపు ఒక క్లినిక్కుకు వెళ్లాను. ఆ డాక్టరు జబ్బు పేరు సరిగ్గానే చెప్పాడు. "హెర్పిస్ జోస్టర్. పొక్కులకు ఆయింట్‌మెంటు రాస్తున్నా, ఈ మాత్రలు రోజుకు మూడు వేసుకోండి, వారంలో పోతుంది" అన్నాడు. కన్ను నొప్పిగా ఉందని చెప్తే, "రెప్ప వాచింది కదా, అందుకే" అన్నాడు. కంట్లోకి టార్చి వేసి చూడలేదు. ముక్కు అసలే చూడలేదు. ముక్కు ఎందుకు చూడాలో అప్పటికి నాకూ తెలియదు. ఆటోలో తిరిగొస్తూ కొండారెడ్డి బురుజు దగ్గర జామ్‌లో ఆగినప్పుడు, ఊరికే కుడి కన్ను చేత్తో మూసుకుని చూశాను. బురుజు పొగమంచులో ఉన్నట్టు కనిపించింది. సెప్టెంబరులో కర్నూలుకు పొగమంచు ఎక్కడిది? అప్పుడు మొదలైంది టెన్షన్.

ఇంటికొచ్చేసరికి కోడుమూరు నుంచి మా అక్క వచ్చి ఉంది. గడపలోనే నన్ను చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఒరేయ్, సర్పి రా ఇది! దీనికి ఇంగ్లీషు మందు ఎవరైనా వేస్తారా? తలా తోకా కలిస్తే మనిషి దక్కడు."

మా వైపు సర్పి అంటే ఇదే. ఒళ్లంతా పాములా చుట్టుకుంటుందని, చుట్టు పూర్తయితే ప్రాణం పోతుందని చిన్నప్పటి నుంచి వింటున్నదే. తర్వాత ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. హెర్పిస్ అన్న మాట గ్రీకు వాళ్లది, పాకడం అని దాని అర్థం. మన సర్పం అన్న మాటా, ఆ గ్రీకు మాటా ఒకే మూలం నుంచి వచ్చినవేనట. గ్రీకు వాళ్లకూ మా కోడుమూరు వాళ్లకూ ఈ జబ్బు పాకుతూనే కనిపించింది.

అక్క మాట కాదనలేక గురువారం పొద్దున ఆమెతో పాటు వాళ్ల ఊరి పక్క పల్లెకు వెళ్లాను. అక్కడ ఒక ముసలాయన సర్పికి మంత్రం వేసి జేగురు పూస్తాడు. అరుగు మీద కూచోబెట్టి, గిన్నెలో ఎర్రమన్ను కలుపుకుని దగ్గరికి వచ్చాడు. నా గడ్డం పట్టుకుని ముఖం వెలుగు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు. వేలు ముంచబోయి ఆగిపోయాడు.

"నాయనా, ముక్కు కొసకు కూడా వచ్చింది. కంట్లోకి పోయేదిది. ఇది నా చేతి పని కాదు. నేను రేయంతా మంత్రం వేసినా నీ కన్ను పోతే నాకే పాపం. కర్నూల్లో కంటి పెద్దాసుపత్రి ఉంది, రేపు పొద్దునే పో."

అక్క ఏదో అనబోయింది. ఆయన గిన్నె పక్కన పెట్టేశాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. ముక్కు కొస తడుముకుంటే నిజంగానే మూడు పొక్కులు. పొద్దున లేవు, లేకపోతే నేనే చూడలేదు.

శుక్రవారం తొమ్మిది గంటలకు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకున్నా. పెద్ద వరుస. ఎక్కువ మంది శుక్లాల ఆపరేషన్ కోసం పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లు, తోడుగా వచ్చిన మనవళ్లు. గోడ మీద అక్షరాలు చదివించే చోట కుడి కంటితో కింది వరుస దాకా చదివాను. ఎడమ కంటితో పైనున్న పెద్ద అక్షరం కూడా తేలినట్టు కనిపించింది. అక్కడ పీజీ చదువుతున్న అమ్మాయి నన్ను చూడగానే, వరుసలో ఆగమనకుండా నేరుగా లోపలికి తీసుకెళ్లి సీనియర్ మేడమ్‌ను పిలిచింది. మేడమ్ మొదట చూసింది నా కన్ను కాదు, ముక్కు.

"పొక్కులు మొదట ఎప్పుడు కనిపించాయి? రోజు కాదు, టైము చెప్పండి."

"బుధవారం పొద్దున ఐదింటికి."

ఆమె గోడ గడియారం చూసింది. నేనూ లెక్క కట్టుకున్నాను, అలవాటు పోదు కదా. యాభై రెండు గంటలు. వైరస్ మందు పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుందట. దాటితే అసలు వేయకూడదని కాదు, కంటి మీదికి వచ్చినప్పుడు ఆలస్యమైనా వేస్తారు, కానీ ఫలితం తగ్గుతుంది. అంటే నా ఖాతాలో ఇంకా ఇరవై గంటలు మిగిలి ఉన్నాయి. క్లినిక్కులో రాసిన మాత్రలు చూపించాను. మందు అదే, ఎసైక్లోవిర్. కానీ మోతాదు నా జబ్బుకు చాలదు. అది 400 మిల్లీగ్రాములది, రోజుకు మూడు. ఆమె రాసింది 800ది, రోజుకు ఐదు సార్లు, ఏడు రోజులు.

అప్పుడు ముక్కు సంగతి అడిగాను. ముక్కు కొసకు, కంటి లోపలికి ఒకే నరపు కొమ్మ వెళ్తుందట. అందుకే ముక్కు కొసన పొక్కు వస్తే కంటి లోపలికి కూడా వచ్చే అవకాశం చాలా ఎక్కువ. 19వ శతాబ్దంలో లండన్‌లో హచిన్సన్ అనే డాక్టరు గమనించిన గుర్తు ఇది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. కోడుమూరు పక్క పల్లెలో ముసలాయనకు ఇది ఎవరు చెప్పారో మరి.

తర్వాత కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంపు అనే యంత్రం ముందు గడ్డం ఆనించి కూచోబెట్టారు. నారింజ రంగు కాగితపు ముక్క కొసను రెప్ప లోపల తాకించి, గదిలో లైటు ఆర్పి, నీలం కాంతి వేశారు. నల్లగుడ్డు మీద పొర దెబ్బతిన్న చోటల్లా ఆ రంగు పట్టుకుని పచ్చగా మెరుస్తుందట. నాకు సన్న సన్న కొమ్మల్లాంటి గీతలు ఉన్నాయని ఆ అమ్మాయితో చెప్పి చూపించారు. ఆ తర్వాత చేసిన పరీక్ష నేనెప్పటికీ మర్చిపోను. దూదిని నూలు పోగంత సన్నగా మెలిపెట్టి, పక్క నుంచి తెచ్చి కుడి కంటికి తాకించారు. రెప్ప టక్కున పడింది. ఎడమ కంటికి తాకించారు.

"తగిలిందా?"

"ఇంకా పెట్టలేదు కదా మేడమ్?"

"పెట్టాను."

అంత నొప్పి ఉన్న కంటికి దూది తగిలింది తెలియలేదు. నొప్పి పుట్టించే నరానికే స్పర్శ తెలియకుండా పోయింది. ఆ రోజు నేను నిజంగా భయపడింది అక్కడే.

మెడికల్ షాపు సీసా చూపిస్తే లేబులు చదివి పక్కన పెట్టేశారు. యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉందట అందులో. "ఇది ఇక వేయొద్దు. ఇది ఏ రకం వైరసో చూడకుండా ఎవరూ వేయకూడదు" అన్నారు. పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ వేరే ఉంది, అది నల్లగుడ్డు మీద చెట్టు కొమ్మలా పుండు చేస్తుంది, దాని మీద స్టెరాయిడ్ పడితే పుండు పెరిగి చూపే పోవచ్చు అని చెప్పారు. ఎరుపు తగ్గిందని నేను మురిసిపోయింది ఆ స్టెరాయిడ్ వల్లే. మంట ఆరలేదు, పొగ కనపడకుండా పోయింది, అంతే.

ఇంకో ప్రశ్న అడిగారు. "ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్నారా?"

మా అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చి ఉంది. ఏడో నెల. నా గొంతు ఆరిపోయింది.

"ఆమెకు చిన్నప్పుడు అమ్మవారు, అదే చికెన్‌పాక్స్, పోసిందా?"

పోసింది. ఐదో తరగతిలో, వేసవి సెలవుల ముందు. నాకు బాగా గుర్తు, వేపాకు మండల కోసం నేనే తిరిగాను. మేడమ్ తల ఊపి, అయితే భయం లేదు, అయినా పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా ఆమెను దూరంగా ఉంచండి అన్నారు. ఈ పొక్కుల్లోని నీరు తగిలితే అవతలివాళ్లకు సర్పి రాదు, ఇంతకు ముందు అమ్మవారు పోయనివాళ్లయితే అమ్మవారు పోస్తుంది. రెండూ ఒకే వైరస్. నాకు ఎనిమిదేళ్లప్పుడు పోసింది. తొమ్మిదో రోజు మా అమ్మ వేపాకు నీళ్లు తలకు పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి, "అమ్మ వెళ్లిపోయింది" అని దండం పెట్టించింది. వెళ్లలేదు. చెవి దగ్గర ఎక్కడో నరాల ముడిలో నలభై ఆరేళ్లు చప్పుడు లేకుండా కూచుని, ఇప్పుడు ఒంట్లో శక్తి తగ్గిందని చూసి నరం వెంబడే బయటికి వచ్చింది.

శక్తి ఎందుకు తగ్గిందో తేల్చడానికి రక్త పరీక్షలు రాశారు. షుగరు, కిడ్నీ పనితీరు, హెచ్‌ఐవీ. మూడోది విని మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు, చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో అలాంటి చూపు నేను చూడలేదు. కౌన్సెలింగ్ చేసే ఆమె చాలా మామూలుగా, ఇది ఈ జబ్బులో చాలామందికి చేయిస్తాం, మీకు ఇష్టమైతేనే అని చెప్పింది. సంతకం పెట్టాను. ఫలితం వచ్చేదాకా మేమిద్దరం బెంచీ మీద ఒక జానెడు దూరంలో కూచున్నాం. హెచ్‌ఐవీ లేదు. షుగరు మాత్రం 268. నాకు షుగరు ఉందని ఆ రోజే తెలిసింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని, "ఇక ఆ యార్డు కాంటీన్ టీలు బంద్" అంది. జానెడు దూరం పోయింది.

మొదటి వారం గురించి ఎక్కువ చెప్పను. కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కిటికీలకు దుప్పట్లు కట్టించాను, సెల్లు వెలుగు కూడా సూదిలా గుచ్చేది. ఫ్యాను గాలి నుదుటికి తగిలితే ఏడుపొచ్చేది. మాత్రలకు ఒక పాత చిట్టా పుస్తకంలో పేజీ పెట్టాను. ఆరు, పది, రెండు, ఆరు, పది. వేసుకున్నప్పుడల్లా టిక్కు. నీళ్లు బాగా తాగమన్నారు, కిడ్నీల మీద భారం పడకుండా. ముప్పై ఐదు మాత్రలకు ముప్పై ఐదు టిక్కులు.

ఎనిమిదో రోజు చూపించుకోను పోయేసరికి పొక్కులు చెక్కు కట్టాయి, కన్ను తెరుచుకుంది. నయమైందనుకుని వెళ్లాను. స్లిట్ ల్యాంపులో చూసి, పై పొర మానింది కానీ కంటి లోపల వాపు మొదలైందన్నారు. యువైటిస్. కంటి ప్రెషర్ కూడా 32 ఉంది, 21 దాటకూడదట. మూడు రకాల చుక్కలు రాశారు. కంటిపాపను పెద్దది చేసేవి, ప్రెషర్ తగ్గించేవి, మూడోవి స్టెరాయిడ్.

నేను చీటీ చూసి ఆగలేకపోయాను. "మేడమ్, పోయిన వారం ఇదే వద్దన్నారు కదా?"

ఆమె నవ్వారు. "అప్పుడు వేసింది మీరు, చూసింది ఎవరూ లేరు. ఇప్పుడు పైన పుండు లేదు, లోపల వాపు ఉంది, వైరస్ మందు పడింది. రేపు ప్రెషర్ పెరిగినా పైపొర మళ్లీ లేచినా నేను చూస్తాను. మీ షాపతను చూస్తాడా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ నేను మందు అంటే సీసాలో ఉండేదే అనుకున్నాను. ఆ సీసాలోదీ ఈ సీసాలోదీ ఇంచుమించు ఒకటే సరుకు.

అంత విని కూడా ఒక తప్పు చేశాను. చుక్కలు రోజుకు ఆరు సార్లతో మొదలై, వారం వారం ఒక్కొక్కటి తగ్గించుకుంటూ రావాలి. మూడో వారానికి కన్ను తెల్లగా అయింది, నొప్పి లేదు, దసరా పనుల హడావిడి. నాలుగు రోజులు మానేశాను. ఐదో రోజు కన్ను మళ్లీ ఎర్రబడి, వెలుతురు చూడలేక, తల వంచుకుని ఆసుపత్రికి పోయాను. మేడమ్ తిట్టలేదు. చిట్టా పుస్తకం తెచ్చారా అని అడిగి, టిక్కులు లేని నాలుగు గళ్ల మీద పెన్నుతో గుండ్రంగా చుట్టారు. మళ్లీ మొదటి నుంచి. ఆ చుక్కలు పూర్తిగా ఆగేసరికి జనవరి వచ్చింది.

కన్ను కుదుటపడినా నుదుటి నొప్పి పోలేదు. చెక్కులు రాలిపోయి మచ్చలు మిగిలాక కూడా ఎడమ వైపు దిండు మీద పెట్టలేను, టోపీ పెట్టుకోలేను, క్షౌరానికి పోలేను. ఒక్కోసారి చీమలు పాకినట్టు దురద, గోకితే మంట. సర్పి పోయినా నరం దెబ్బ మిగులుతుంది, మూడు నెలలు దాటి కూడా కొందరికి ఉంటుందన్నారు. రాత్రి పూట ప్రీగాబలిన్ మాత్ర రాశారు. మొదటి వారం పొద్దున లేస్తే తూలేవాణ్ని, లెక్కల్లో సున్నాలు ఎక్కువ పడేవి. ఒక రైతుకు పన్నెండు వందలు ఎక్కువ రాసిచ్చాను. పాపం ఆయనే తిరిగొచ్చి చెప్పాడు. తర్వాత అలవాటైంది. ఉగాది నాటికి మాత్ర మానగలిగాను.

మధ్యలో ఫిబ్రవరిలో ఒకసారి, ఎందుకైనా మంచిదని అల్లుడు హైదరాబాదులో ఇంకో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడా అదే మాట. కర్నూలు చీటీలు చూసి, బాగా చూశారు, అక్కడే చూపించుకోండి అని పంపేశారు. రానుపోను ఖర్చు అల్లుడిది కాబట్టి సరిపోయింది.

దీనికి టీకా ఉందట. 2023లో మన దేశంలోకి వచ్చింది, యాభై దాటినవాళ్లకు, రెండు డోసులు, మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం. రెండు డోసుల ఖర్చు కలిపితే నా నెల జీతం దాటుతుంది. నాకు ఎప్పుడు వేయించుకోవాలో ఇంకా చెప్పలేదు. మా ఆవిడకు యాభై ఒకటి. ఆమెకు ముందు వేయిద్దామంటే, "మనవడి బారసాల కానీ" అంటోంది. బారసాల అయిపోయింది. ఇప్పుడు అన్నప్రాసన అంటోంది.

ఎడమ కంటి చూపు దాదాపు పూర్తిగా వచ్చింది. నల్లగుడ్డు మీద గోరు కొసంత మచ్చ ఉందట, రాత్రి లారీల లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. స్పర్శ మాత్రం సగమే తిరిగొచ్చింది. దుమ్ము పడినా తెలియదు కాబట్టి రోజూ పడుకోబోయే ముందు అద్దంలో చూసుకోవాలి, తడి చుక్కలు వేసుకోవాలి, బయట కళ్లద్దాలు తీయకూడదు. ఇవి ఎప్పటికీ ఉండేవే.

ఈ సెప్టెంబరులో మళ్లీ ఉల్లిగడ్డలు దిగాయి. మా మండీ ముందే రెండు వందల సంచుల కుప్ప పోశారు, వానకు కొంత కుళ్లింది, ఘాటు గుప్పుమంటోంది. నేను చీటీలు రాస్తుంటే కుడి కంట్లోంచి ధారగా నీళ్లు కారుతున్నాయి. ఎడమ కన్ను పొడిగా, ఏమీ ఎరగనట్టు చూస్తోంది. మూట దించి చెమట తుడుచుకుంటున్న హమాలీ ఒకడు నన్ను ఎగాదిగా చూసి అన్నాడు.

"ఏం గుమాస్తన్నా, సగమే ఏడుస్తున్నావు? రేటు సగమన్నా పడిందా ఏం?"

పడలేదని చెప్పి, సీసా తీసి ఎడమ కంట్లో రెండు చుక్కలు వేసుకున్నాను.